పద్దెనిమిది చుక్కలు

మా వదినకి పొగడ్త పడదు, ఫోటో పడదు, ఆలస్యం అసలే పడదు. ఈ మూడూ నాకు ప్రాణం. ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం కాబట్టి మా మధ్య ఎన్ని యుద్ధాలు జరిగాయో మీరే ఊహించుకోండి. ఆమె మా ఆయనకి అక్క. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగితే "తీరిక దొరకలేదే" అంటుంది. నిజం చెప్తోందో నన్ను ఆటపట్టిస్తోందో ఇప్పటికీ నాకు తెలియదు. వయసు యాభై మూడు, ఆవులు పద్దెనిమిది. మా ఆయన లారీల షెడ్డులో మెకానిక్కు, ఆవు దగ్గరికి వెళ్ళినా బానెట్ ఎక్కడా అని వెతికే రకం. అందుకని ఆవుల పనిలో ఆమెకి చేదోడు నేనే. జీతం లేదు, తిట్లు మాత్రం పుష్కలం.

మేం ఆవుల్ని మేపేది ఊరి చివర గుట్ట మీద. అది ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. పొద్దున్నే నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, అందరికీ ఆ గుట్టే దిక్కు. ఆవులు మేయకపోతే ముళ్ళపొదలు నడుంలోతు పెరిగి ఎండాకాలం అంటుకుంటాయి కాబట్టి భూముల ఆఫీసుకి ఆవులు కావాలి. నడిచేవాళ్ళకి దారి కావాలి. ఈ రెండిటికీ మధ్య ఇరవై ఏళ్ళపాటు మా వదిన ముళ్ళతీగ కంచె వేసింది, తెగితే కట్టింది, మళ్ళీ తెగితే మళ్ళీ కట్టింది. ఆమె అరచేతులు చూస్తే తెలుస్తుంది, గీతలు ఏవో గాట్లు ఏవో చెప్పలేం.

రెండేళ్ళ క్రితం ఒక సైకిలబ్బాయి ఆ తీగ మీద పడి మొహం చీరుకున్నాడు. గుట్ట మీద ఇక తీగ ఉండకూడదని ఆఫీసు తేల్చి చెప్పింది. ఆవులు ఉండాలంటే మెడపట్టీలు పెట్టమంది.

ఆ పట్టీల సంగతి చెప్తాను, తేలికే. ఆవు మెడకి వెడల్పాటి పట్టీ, దాని కింద అరచేయంత డబ్బా. మన ఫోనులో గుట్ట పటం వస్తుంది, దాని మీద వేలితో గీత గీస్తే అదే కంచె. ఒక్కో ఆవూ ఒక్కో చుక్కలా కనపడుతుంది. ఆవు గీత దగ్గరికి రాగానే డబ్బాలోంచి సన్నగా ఒక పాట మొదలవుతుంది. ఇంకా ముందుకొస్తే స్వరం పెరుగుతుంది. అప్పటికీ వినకపోతే మెడ మీద ఒక కరెంటు చురక. లోపలున్నది బయటికి పోతేనే ఇదంతా, బయటున్నది లోపలికి రావడానికి ఏ అడ్డూ లేదు. నాలుగు రోజుల్లో మా ఆవులు స్వరం పెరగగానే వెనక్కి తిరగడం నేర్చుకున్నాయి. మా ఆయన నా స్వరం విని ఇంతవరకూ నేర్చుకోలేదు.

ఆఫీసు తొంభై రోజుల గడువిచ్చింది. షరతు ఒక్కటే. జనం తిరిగే వేళల్లో ఒక్క ఆవు కూడా గీత దాటి దారి మీదకి రాకూడదు. రాకపోతే ఐదేళ్ళ అనుమతి. ఒక్కసారి వచ్చినా గుట్ట మీద మేత బంద్. మాకు వేరే పొలం లేదు. బంద్ అంటే పద్దెనిమిదింటినీ అమ్ముకోవడమే.

ఈ ఏర్పాటు గిట్టని మనిషి ఒకే ఒకడు, సర్వేయరు గారు. డెబ్బై నాలుగేళ్ళు, ఉద్యోగం మానేసి చాన్నాళ్ళయినా అందరూ అలాగే పిలుస్తారు. గుట్ట దారి పక్కన వరసగా ఉన్న హద్దురాళ్ళు ఆయన దగ్గరుండి పాతించినవే. రోజూ ఏడూ నలభైకి తెల్లకుక్క తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని మూడో రాయి దగ్గరికి వచ్చేస్తాడు, మీరు గడియారం సరిచేసుకోవచ్చు. పట్టీలు పెట్టిన వారానికే అర్జీ పెట్టాడు.

"కంటికి కనపడని హద్దు హద్దు కాదమ్మా," అన్నాడు వదినతో, దారిలో ఎదురుపడి. "అది ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది?"

"నేను చెప్తాను కదండీ."

"నువ్వు చెప్తే హద్దు అయిపోతుందా? నేను నలభై ఏళ్ళు గొలుసు పట్టుకుని కొలిచాను. ఎవరో చెప్పారని ఒక్క రాయి పాతలేదు."

వదిన పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఇంటికొచ్చాక మాత్రం, "ముసలాయన అన్నదాంట్లో తప్పేముందే?" అని నా మీద ఎగిరింది, అన్నది నేనైనట్టు.

పద్ధతి ఏమిటంటే, రాత్రిళ్ళు గుట్ట మీద ఎవరూ ఉండరు కాబట్టి వదిన గీత దారికి అవతల దాకా వదిలేస్తుంది. పొద్దున ఆరింటికి గీతని దారికి వంద అంగలు వెనక్కి జరుపుతుంది. మొదటి నెలంతా ముందు గుట్టకి వెళ్ళి, ఆవుల్ని కంటితో చూసి, అప్పుడు జరిపేది. రెండో నెలకి వంటింట్లోనే, టీ గ్లాసు ఒక చేత్తో ఫోను ఒక చేత్తో పట్టుకుని, చుక్కలు పద్దెనిమిదీ లోపల ఉన్నాయా లేదా చూసి జరపడం మొదలుపెట్టింది. నేనేం అనలేదు. నిజానికి నాకు హాయిగా ఉంది, తెల్లారగట్ట వ్యాను తీసే పని తప్పింది.

ఎనభయ్యో రోజు కూడా అలాగే జరిపింది. చుక్కలు పద్దెనిమిదీ లోపలే ఉన్నాయి. "అన్నీ బుద్ధిగా ఉన్నాయే," అని టీ తాగింది.

మా మందలో చివర వచ్చిన పడుచు ఆవుని నేను కొత్తకోడలు అంటాను. ఎప్పుడూ ఓ పక్కగా నిలబడుతుంది, మిగతావి తిన్నాక తింటుంది. తొలిచూలు. ఈనడానికి ఇంకా రెండు వారాలుందని డాక్టరు చెప్పాడు. అది ఆ రాత్రే ఈనింది. అదీ ఎక్కడ, దారికి పక్కనే, మూడో రాయి వెనకాల పొడుగు గడ్డిలో. ఆవులు చేసే పనే చేసింది, దూడని గడ్డిలో దాచి, కిందకి తొట్టి దగ్గరికి నీళ్ళకి వెళ్ళింది. అది నీళ్ళు తాగుతుండగా ఆరయింది. తల్లికీ బిడ్డకీ మధ్యన గీత పడింది. పుట్టిన దూడకి పట్టీ ఉండదు, పట్టీ లేనిదానికి చుక్క ఉండదు. ఫోనులో అంతా సవ్యంగానే ఉంది.

ఏడున్నరకి ఫోను మోగింది. పద్నాలుగో నంబరు ఆవు ముప్ఫై ఒక్కసార్లు పాట వింది, ఏడు చురకలు తింది. వదిన ఆ అంకె చూసి గ్లాసు కింద పెట్టేసింది.

"కొత్తకోడలు. అది ఎప్పుడూ ఒక్క చురక కూడా తినలేదు," అంది. "వ్యాను తియ్యవే."

నేను ఎలా నడిపానో నాకే తెలియదు. దారిపొడుగునా ఆమె ఫోను కేసే చూస్తూ, "ఎనిమిది," అంది. కాసేపటికి "తొమ్మిది," అంది. మిగతా ఆవులు ఎప్పటిలాగే ఉన్నాయి. ఒక్క పద్నాలుగో చుక్కే ఒకే చోటికి వస్తోంది, పోతోంది, మళ్ళీ అక్కడికే వస్తోంది.

గుట్ట కింద గేటు దగ్గర దిగేసరికే అరుపు వినపడింది. అది ఆవు అరుపని ఒక క్షణం నమ్మలేకపోయాను. పైన కొత్తకోడలు గీత వెంబడి అటూ ఇటూ పరిగెడుతోంది, నోట్లోంచి నురగ కారుతోంది. ముందుకి వస్తుంది, పాట లేస్తుంది, చురక తగలగానే నాలుగు కాళ్ళూ ఎగిరి వెనక్కి తిరుగుతుంది, మళ్ళీ ముందుకి వస్తుంది. దానికి వంద అంగల దూరంలో, దారి మీద, సర్వేయరు గారు. ఆయన తెల్లకుక్క తాడు లాక్కుని మూడో రాయి వెనకాల గడ్డిలో మూతి పెట్టి మొరుగుతోంది. గడ్డిలోంచి తడిసిన నల్లటి చెవి ఒకటి పైకి లేచింది.

వదిన ఆవుకేసీ సర్వేయరు గారికేసీ చూసింది.

"ఈసారి ఆగదు," అంది. "చురక పరుగు మీద తగిలిందా, ఇంకా రెచ్చిపోయి పడుతుంది ఆయన మీద."

"మరి ఏం చేద్దాం?"

ఆమె ఫోను మీద వేలు పెట్టి గీతని దారి అవతలకి తోసేసింది. చురకలు తినకుండా వస్తే కాస్తయినా దూడ వైపు చూస్తుందని ఆమె ఆలోచన. అది సరైనదో కాదో అప్పుడు అడిగే తీరిక ఎవరికుంది? ఫోను నా చేతిలో పడేసి పైకి పరిగెత్తింది. యాభై మూడేళ్ళ మనిషి అలా పరిగెత్తడం అంతకుముందు నేను చూడలేదు. వెనకాల నేనూ పరిగెత్తాను.

"తాడు వదిలెయ్యండి! సర్వేయరు గారూ, కుక్కని వదిలెయ్యండి!"

ఆయనకి వినపడింది. వదలడానికే చూశాడు, కానీ తాడు మణికట్టుకి చుట్టుకుని ఉంది. ఒక చుట్టు విప్పేలోపు ఆవు గీత ఉన్న చోటికి వచ్చింది. పాట లేదు. ఒక్క అర క్షణం తల ఎత్తి, తర్వాత నేరుగా వచ్చేసింది. కుక్క ఆయన కాళ్ళ మధ్యకి దూరింది, తాడు మెలిపడింది, ఆయన వెనక్కి పడ్డాడు. కళ్ళజోడు ఎగిరి రాయికి తగిలిన చప్పుడు నాకు వినపడింది. ఆవు తల దించి ఆయన ఛాతీకి జానెడు దూరంలో బుస కొడుతోంది.

వదిన ఆ మధ్యలోకి వెళ్ళి నిలబడింది. కర్ర లేదు, అరవలేదు. "ఉందే, అక్కడే ఉంది నీ పిల్ల, చూడు," అంటూ ఆవు మూతి మీద చెయ్యి పెట్టింది. ఆ లోపు ఆయన రెండో చుట్టు విప్పాడు. కుక్క పరుగో పరుగు. ఆవు దాని వెనకాల పది అంగలు ఉరికి, దూడ అరవగానే ఆగి, వెనక్కి వచ్చి గడ్డిలోకి తల దూర్చింది. మరుక్షణం ఏమీ జరగనట్టు దూడని నాకడం మొదలుపెట్టింది.

సర్వేయరు గారు లేచి బట్టలు దులుపుకున్నాడు. మోకాలు చీరుకుపోయింది. వ్యానులో దింపుతామంటే వద్దన్నాడు. విరిగిన కళ్ళజోడు జేబులో పెట్టుకుని, మూడో రాయి దగ్గర్నుంచి ఆవు కుక్కని తరిమి ఆగిన చోటు దాకా అంగలు వేసి కొలిచాడు.

"పదకొండు. హద్దు దాటి పదకొండు అంగలు," అని వెళ్ళిపోయాడు.

వ్యానులో కూర్చున్నాక ఫోను చూసింది నేనే. ఆ రోజు లెక్క వచ్చేసింది. గీత దాటిన ఆవులు, సున్నా. గీత మేమే జరిపాం కదా, ఆ లెక్కన ఆవు దారి మీద నిలబడినా గీత లోపలే ఉంది. ఆఫీసుకి వెళ్ళేది ఈ సున్నా ఒక్కటే. గీత ఎప్పుడు ఎక్కడికి జరిగిందో మా ఫోనులో తప్ప ఎక్కడా ఉండదు.

"బతికిపోయాం వదినా," అన్నాను. నాకు సిగ్గు వెయ్యలేదు, ప్రాణం లేచొచ్చింది. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడే సర్వేయరు గారు ఆఫీసులో రాసిచ్చాడు. ఆఫీసు మమ్మల్ని లెక్క పంపమంది. వదిన రెండు రోజులు పంపలేదు. మూడో రోజు నేను పక్కన కూర్చుని, "పద్దెనిమిది ప్రాణాలు వదినా, ఆ ముసలాయనకి ఏమీ కాలేదు కదా," అని నూరిపోశాను. పంపింది. ఆ రోజు నుంచీ తెల్లారకుండానే గుట్టకి పోయి కంటితో చూసి గీత జరిపేది, ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడేది కాదు. నేను కదిలిస్తే కసిరేది. నేనూ ఊరుకున్నాను, తొంభయ్యో రోజు దాటితే అన్నీ అవే సర్దుకుంటాయని.

తొంభయ్యో రోజు ఆఫీసు మేడ మీద గదిలో కూర్చోబెట్టారు. పొడుగు బల్ల, పది కుర్చీలు, కొట్టుకునే ట్యూబులైటు. బల్లకి అటు ఆఫీసరు, మర్యాదస్తుడు, పట్టీలంటే ఆయనకి ముచ్చట. ఇటు మేం. ఎదురుగా కొత్త కళ్ళజోడుతో సర్వేయరు గారు, పక్కన ఆయన కూతురు. ఆ అమ్మాయికి మందుల షాపు ఉంది, మెట్ల దగ్గర ఆఫీసరుతో మెల్లగా చెప్తుంటే నా చెవిన పడింది. "ఈ మధ్య నాన్న స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతున్నారండీ. కాలు జారి పడితే ఆవు పొడిచిందనుకున్నారేమో. ఇక ఒంటరిగా గుట్టకి పంపను లెండి."

సర్వేయరు గారు నిలబడి చెప్పాడు. టైము చెప్పాడు, రాయి నంబరు చెప్పాడు, అంగలు చెప్పాడు. వదినని ఒక్క మాట అనలేదు.

ఆఫీసరు కాగితం ఆయన ముందుకి జరిపాడు. "తొంభై రోజుల్లో ఒక్క ఆవు కూడా గీత దాటలేదండీ. మీరు చెప్పిన టైముకి ఆ ఆవు లోపలే ఉంది. మెషీను రాసింది, మనుషులు రాసింది కాదు."

"నేను కొలిచాను," అన్నాడు ఆయన.

"నాన్నా, కూర్చోండి," అని కూతురు ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఎంతో ప్రేమగానే పట్టుకుంది, అదే చూడలేకపోయాను.

ఆయన కాగితం దగ్గరగా పెట్టుకుని చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు. "మెషీను అంటోందా," అన్నాడు. తర్వాత, ఎవరితోనో కాదు, తనలో తనే, "ఏమో. నేనే పొరబడ్డానేమో," అని కూర్చున్నాడు. నలభై ఏళ్ళు కొలతలు వేసిన మనిషి తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

ఆఫీసరు కలం తీశాడు. ఒక్క సంతకం, ఐదేళ్ళు.

నేను బల్ల కింద వదిన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ చెయ్యి నా చేతిలోంచి మెల్లగా బయటికి వెళ్ళింది. ఆమె లేచింది.

"ఆయన చెప్పింది నిజం," అంది. "ఆవు దారి మీదకి వచ్చింది. పదకొండు అంగలు, ఆయన కొలిచినట్టే. గీత నేనే జరిపాను, అందుకని అందులో పడలేదు."

ఆఫీసరు కలం ఆగింది. "సిగ్నలు పోయిందా? మెషీనులో లోపమా? అలా అయితే రూల్సు వేరే ఉంటాయమ్మా." పాపం, ఆమెకి దారి చూపిస్తున్నాడు.

"మెషీను బాగానే ఉంది. ఆ పొద్దున గుట్టకి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని గీత గీశాను. దూడ ఉందని తెలియలేదు. ఈ లెక్క తప్పని తెలిసీ మీకు పంపాను." నా పేరు ఎత్తలేదు. ఫోను తీసి బల్ల మీద పెట్టింది. "గీత ఎప్పుడు జరిగిందో ఇందులో ఉంటుంది, చూసుకోండి."

సర్వేయరు గారు వదినకేసి చూడలేదు, కూతురు వైపు తిరిగాడు.

"విన్నావుగా," అన్నాడు.

ఆ అమ్మాయి ఆయన మోచెయ్యి వదిలేసింది.

ఆఫీసరు చాలాసేపు రాశాడు. అనుమతి లేదు. పది రోజుల్లో ఆవుల్ని గుట్ట దింపాలి. అంతా చదివి వినిపించాడు, ఒక్క అక్షరం తగ్గించలేదు.

మెట్ల దగ్గర నేను ఇక ఆపుకోలేకపోయాను. ఒళ్ళు మండిపోయింది. "నోరు మూసుకుని ఇంకో నిమిషం కూర్చుంటే అయిపోయేది కదా వదినా! ఆయనేమైనా మనకి చుట్టమా? తొంభై రోజులూ మన మీద పగబట్టినవాడు!"

ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. నేను ఈ ఇంటికొచ్చాక ఆమె ఏడవడం చూడటం అదే మొదటిసారి. "నాకు మాత్రం బాధగా లేదనుకున్నావా? వాటిని అమ్మి నేనేం చెయ్యాలి? పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి?" అంది. "కానీ ఆయన తన మాటే తను నమ్మలేకపోయాడే. అది చూశావా? అది చేసింది మనం."

నేను సంచీలో వ్యాను తాళం కోసం వెతుక్కున్నాను.

అప్పుడే సర్వేయరు గారు బయటికి వచ్చాడు. కూతురు నాలుగు మెట్లు వెనకాల ఉంది. మా దగ్గర ఆగాడు.

"నేను అర్జీ వెనక్కి తీసుకోను," అన్నాడు.

"తీసుకోమని నేను అడగలేదుగా," అంది వదిన.

"పది రోజులన్నమాట."

"అవునండీ."

ఆయన గోడకేసి చూశాడు. తర్వాత అడిగాడు, "రేపు పొద్దున హద్దు ఎక్కడ ఉంటుంది?"

వదిన మొహం తుడుచుకుని నిటారుగా నిలబడింది. "మూడో రాయికి వంద అంగలు అవతల. నేను వెళ్ళి చూసి గీస్తాను. ఆరింటికల్లా."

ఆయన ఆ మాట తనలో రెండుసార్లు అనుకున్నాడు, రాసుకుంటున్నట్టు. రాళ్ళు పాతుకుంటూ బతికిన మనిషి, ఎవరో చెప్పారని ఒక్క రాయి పాతలేదన్న మనిషి.

"సరే అయితే," అన్నాడు. "ఏడూ నలభైకి వస్తాను."